సాగు సందుల్లో సంపాదన: కారేపల్లి అడవి అంచున అదనపు ఆదాయాల సమీక్ష

ప్రధాన వృత్తికి తోడుగా తీరిక వేళల్లో మరో పని చేసుకుని నాలుగు డబ్బులు వెనకేసుకోవడం గురించి వచ్చే పుస్తకాలు ఎక్కువగా పట్టణ ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రాసినవే కావడంతో, ఆ ప్రశ్న వాటిలో వ్యక్తి చొరవకు, సమయపాలనకు సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది. ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి కేంద్రమైన కారేపల్లి పరిసరాలకు వస్తే ఇదే ప్రశ్న వేరే రూపం తీసుకుంటుంది. ఒకవైపు పత్తి, మిరప, వరి చేలు, మరొకవైపు ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం దాకా సాగే అడవులు, మధ్యలో కోయ గూడేలు, లంబాడా తండాలు, డోర్నకల్లు నుంచి వచ్చి ఒక పాయ ఇల్లెందు బొగ్గు గనుల వైపు, మరో పాయ భద్రాచలం రోడ్డు వైపు చీలే రైలు మార్గం ఉన్న ఈ ప్రాంతంలో, ఒక కుటుంబం ఏడాదిలో ఏ పని ఎప్పుడు చేస్తుందో వానలు, పంట దశలు, అడవిలో పూత, చిగురు నిర్ణయిస్తాయి. అందువల్ల అదనపు ఆదాయం గురించి ఇప్పటివరకు సాగిన ఆలోచనను, అమలైన చట్టాలను, పథకాలను ఈ ప్రాంతపు అనుభవం మీద పెట్టి చూస్తే వాటిలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో కొంత స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా అసలు, అదనం అనే విభజనే ఎంతవరకు చెల్లుతుందో చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2018-19 వ్యవసాయ సంవత్సరానికి జరిపిన వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వే ప్రకారం దేశంలో సగటు రైతు కుటుంబపు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు కాగా, అందులో పంట వల్ల వచ్చింది 3,798 రూపాయలు, కూలి, జీతాల రూపంలో వచ్చింది 4,063 రూపాయలు, పశువుల మీద వచ్చింది 1,582 రూపాయలు, సొంత చిల్లర వ్యాపారాల మీద వచ్చింది 641 రూపాయలు. అంతకు ముందు 2012-13 సర్వేలో మొత్తం ఆదాయం 6,426 రూపాయలైతే, అందులో పంట వాటా 3,081, కూలి వాటా 2,071 రూపాయలు. అంటే ఆరేళ్లలో పంట వాటా సుమారు 48 శాతం నుంచి 37 శాతానికి దిగి, కూలి వాటా 32 శాతం నుంచి దాదాపు 40 శాతానికి ఎక్కింది. రైతు అని పేరు రాయించుకున్న కుటుంబానికి పొలం కంటే పొలం బయటి పనే ఎక్కువ తెచ్చిపెడుతున్నప్పుడు, దేన్ని అసలు అనాలో, దేన్ని అదనం అనాలో తేల్చడం పట్టాదారు పాసుపుస్తకం చూసినంత తేలిక కాదు. ఈ లెక్కలు దేశపు సగటులు. ఐదారు ఎకరాల నల్లరేగడి ఉన్న రైతుకూ, ఎకరం పోడు ఉన్న కోయ కుటుంబానికీ అవి ఒకేలా వర్తించవు గాని, పోకడ ఎటు ఉందో చెప్పడానికి చాలు.

సేద్యం మధ్య విరామాన్ని ఆదాయంగా మార్చుకోవాలన్న ఆలోచనకు మన దేశంలో పెద్ద ప్రవక్త గాంధీ. రైతుకు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పని ఉండదని, ఆ ఖాళీని నింపగలిగేది, పెట్టుబడి అక్కరలేనిది, ఇంట్లో కూర్చుని ఎప్పుడంటే అప్పుడు వదిలి మళ్లీ అందుకోగలిగేది రాట్నం ఒక్కటేనని ఆయన వాదించారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం, 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఆ వాదానికి సంస్థాగత రూపాలు. 1925లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ రాట్నపు పంథాను విమర్శిస్తూ రాసిన వ్యాసం, అందరినీ ఒకే యాంత్రికమైన పనిలోకి నెట్టడం మనిషి బుద్ధికి మేలు చేయదని చెప్పింది. ఆ వివాదంలో రెండు పక్షాలూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. నాలుగు నెలల ఖాళీ కాలువ కింద వరి పండే గ్రామానికి నిజం కావచ్చు గాని, అడవి పక్కన ఉన్న గ్రామంలో సేద్యానికి విరామమైన వేసవే అడవి పనికి అసలైన కాలం.

అదే 1925లో రష్యన్ వ్యవసాయ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయనోవ్ ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో మరింత ఉపయోగపడుతుంది. రైతు కుటుంబం కంపెనీలాగా లాభం లెక్క చూసుకుని పని చేయదని, తన తిండికి, అవసరాలకు సరిపడేదాకా ఇంట్లోవాళ్ల శ్రమను పొలం మీద, పొలం సరిపోకపోతే చేతిపనుల మీద, కూలి మీద సర్దుకుంటూ పోతుందని, అందువల్ల గంటకు ఎంత గిట్టుతుందన్న లెక్క కంటే ఏడాది గడుస్తుందా లేదా అన్న లెక్కే దానికి ముఖ్యమని ఆయన సిద్ధాంతం. ఇంతటి సూక్ష్మదృష్టి ఉన్న మనిషిని సొంత దేశపు ప్రభుత్వమే 1937లో కాల్చిచంపింది. 1972లో ఫ్రాంక్లిన్ మెండెల్స్ ఫ్లాండర్స్ ప్రాంతపు నారబట్టల నేతను పరిశీలించి, యూరప్‌లో ఫ్యాక్టరీల కంటే ముందే వర్తకులు పల్లెల్లో పంట లేని కాలపు శ్రమను చౌకగా కొని బట్టలు నేయించారని, పొలం కొంత తిండి పెడుతుండడం వల్లనే ఆ నేతగాళ్లు అంత తక్కువ మజూరీకి ఒప్పుకోగలిగారని చూపించాడు. అదనపు ఆదాయపు అసలు చిక్కు ఇందులోనే ఉంది. అది కుటుంబానికి చేదోడు కావచ్చు, ఆ కుటుంబానికి మరో ఆధారం ఉందన్న ధీమాతో కొనుగోలుదారు తక్కువ రేటు కట్టడానికి సాకూ కావచ్చు.

కారేపల్లి చుట్టుపక్కల ఈ చిక్కును దగ్గరగా చూడడానికి తునికాకు కంటే మంచి ఉదాహరణ దొరకదు. బీడీ చుట్టడానికి వాడే ఈ ఆకు అడవిలో తునికి చెట్టుకు, పొదకు కాస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలను నేల మట్టానికి నరికిస్తారు. నరికిన మోడు నుంచి సుమారు 40 రోజులకు మెత్తని కొత్త ఆకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొద్ది వారాలపాటు కోత సాగుతుంది. ఎండ ఎక్కకముందే అడవిలోకి వెళ్లి ఆకు తెంపి, మూటకట్టి, పొద్దు నడినెత్తికి రాకముందే ఇల్లు చేరుకుంటారు. మధ్యాహ్నమంతా ఇంటి ముందు పందిరి కింద ముసలివాళ్లు, సెలవుల్లో ఉన్న పిల్లలు సహా ఇంటిల్లిపాదీ కూర్చుని, చిరిగినవి, మరీ లేతవి, పురుగు తిన్నవి తీసేసి, 50 ఆకులు ఒక కట్టగా పేర్చి చెట్టు నారతో కడతారు. సాయంత్రానికి ఆ కట్టలు కల్లం చేరాలి. కల్లం అంటే ఆకు కొనే చోటు, ఆరబెట్టే చోటు కూడా. అక్కడ లెక్క చూసి రాసుకునే మనిషి కల్లేదారు. కట్టలను నేల మీద వరుసగా పరిచి, తిరగేస్తూ రోజుల తరబడి ఎండబెట్టి, నీళ్లు చిలకరించి మెత్తబరిచి, వెయ్యి కట్టలు ఒక ప్రమాణ సంచిగా నింపుతారు. అంటే ఒక సంచిలో 50,000 ఆకులు, అన్నీ చేత్తో తెంపి చేత్తో లెక్కపెట్టినవే. మధ్యలో ఒక గాలివాన గాని, వడగళ్లు గాని పడితే చెట్టు మీద ఆకు చిల్లులు పడుతుంది, కల్లంలో ఆకు మచ్చలు పడుతుంది, ఆ ఏటి కోత అక్కడితో సరి.

ఈ పనికి రేటు ఎవరు కడతారన్నది దీని చరిత్రలో ప్రధానమైన ప్రశ్న. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం కింద బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వచ్చింది. అడవిని యూనిట్లుగా విడగొట్టి, ఒక్కో యూనిట్‌లోని ఆకును టెండరు ద్వారా కాంట్రాక్టర్లకు అమ్మడం, సేకరణదారుకు కట్టకు ఇంత అని ప్రభుత్వం నిర్ణయించడం వ్యవస్థగా స్థిరపడింది. 1980లలో గోదావరి పరీవాహకపు అడవుల్లో కట్ట రేటు పెంచాలంటూ నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ నాయకత్వాన సాగిన సమ్మెలు కాంట్రాక్టర్లను దిగివచ్చేలా చేశాయి. ఆ పార్టీకి అడవి పల్లెల్లో నిలబడే చోటు దొరకడానికి భూమి సమస్య ఎంత కారణమో ఆకు రేటు దాదాపు అంత కారణం అనవచ్చు. తర్వాతి కాలంలో టెండర్ల మీద ప్రభుత్వానికి వచ్చే నికర ఆదాయాన్ని సేకరణదారులకే బోనస్‌గా పంచే పద్ధతి వచ్చింది. సూత్రంగా ఇది న్యాయమైనదే. కాని బోనస్ ఆ వేసవిలోనే చేతికి రాదు; కొన్ని సంవత్సరాల బకాయి ఒక్కసారిగా బ్యాంకు ఖాతాలో పడుతుంది; అప్పటికి సేకరణ కార్డు ఎవరి పేరు మీద ఉందో, ఖాతా ఎవరిదో, అసలు కోసిన మనిషి బతికి ఉన్నాడో లేదో అన్న పేచీలు మొదలవుతాయి. వానాకాలపు విత్తనాలకు, యూరియాకు జూన్‌లో డబ్బు కావలసిన కుటుంబానికి ఆలస్యంగా వచ్చే రూపాయి, వేళకు వచ్చే రూపాయి ఒకటి కావు. ఈ తేడాను వడ్డీ వ్యాపారికంటే బాగా ఎరిగినవారు లేరు.

ఇదే ఆకు నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాల ఇళ్లకు చేరాక అక్కడ మళ్లీ ఆడవాళ్లకు ఇంటిపట్టు సంపాదనగా మారుతుంది. అడవిలో తెంపినవారికి, ఇంట్లో చుట్టినవారికి ఇద్దరికీ అది వేరే జీవనాధారానికి తోడన్న పేరే. బీడీ కార్మికుల విషయంలో 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించింది. తర్వాత వారికి భవిష్యనిధి లెక్కలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టి 2019లో దాన్ని 2,016 రూపాయలు చేసింది. బీడీ తయారీని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ చట్టం ఆకు కోత దాకా రాలేదు. ఒకే సరుకు, రెండు చివరల రెండు రకాల శ్రమ, వాటిలో ఒకటి మాత్రమే ఉద్యోగం.

ఇప్పపువ్వు సంగతి దీనికి భిన్నం. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రిపూట రాలే పువ్వును తెల్లవారకముందే ఏరుకోవాలి, ఎండెక్కితే వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. ఎలుగుబంటికి కూడా ఈ పువ్వు ఇష్టమే కాబట్టి చీకట్లో చెట్టు కిందికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. చెట్టు కింద ఎండుటాకు తగలబెడితే నేల శుభ్రపడి పువ్వు తేలిగ్గా కనిపిస్తుంది గాని, ఆ నిప్పు అడవికి అంటుకుంటుంది. అటవీశాఖకు, గూడేలకు మధ్య ప్రతి వేసవీ జరిగే తగవుల్లో ఇదొకటి. అయితే ఎండబెట్టిన ఇప్పపువ్వు నిల్వ ఉంటుంది. తునికాకు తెంపినరోజే కల్లం చేరకపోతే పనికిరాదు. ఇప్పపువ్వును మాత్రం ధర నచ్చేదాకా గాబులో దాచుకోవచ్చు, లడ్డూలు చేసుకోవచ్చు, ఇప్ప గింజను గానుగాడించి నూనె తీసుకోవచ్చు. చింతపండు, కుంకుడుకాయ, కరక్కాయ కూడా ఈ కోవకే చెందుతాయి. దాచుకోగలిగిన సరుకు ఉన్న మనిషే బేరమాడగలడు. అడవి ఆదాయాల మీద జరిగిన చర్చల్లో ఈ చిన్న విషయానికి దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదు.

బేరం ఎవరితో ఆడాలన్నది మరో ప్రశ్న. సంతకు వచ్చే షావుకారు ఉప్పు, బట్ట, అప్పు ఇచ్చి, తక్కెడ మోసంతో సరుకు తీసుకుపోతుండేవాడు. ఆ పరిస్థితిని సరిదిద్దడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979 నిబంధనావళి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు కొనే గుత్తాధిపత్యాన్ని దానికి కట్టబెట్టింది. గిరిజనుల దగ్గర సరుకు కొని, డి.ఆర్. డిపో అనే దుకాణాల ద్వారా నిత్యావసరాలు అమ్మడం దాని పద్ధతి. భద్రాచలం ప్రాంతపు తపసి బంక, అంటే తపసి చెట్టు కాండానికి గాటు పెడితే కారే జిగురు, మందుల, ఆహార పరిశ్రమల్లోకి వెళ్లడానికి ఈ సంస్థే దారి వేసింది. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడు ప్రభుత్వమే అయినా, ధర సకాలంలో సవరించకపోతే అమ్మేవాడు మళ్లీ సంత షావుకారు దగ్గరికే వెళతాడు. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. ఎండు ఇప్పపువ్వుకు కిలో 17 రూపాయలుగా ఉన్న ఆ ధర 2020లో 30 రూపాయలైంది. 2018లో మొదలైన వన్‌ధన్ వికాస కేంద్రాలు పచ్చి సరుకు అమ్మడం కంటే శుభ్రపరిచి, పొట్లాలు కట్టి అమ్మడం మేలన్న ఆలోచనతో వచ్చాయి. ఆలోచన మంచిదే గాని, పొట్లం మీద అంటించే లేబులు కంటే ఆ పొట్లాన్ని ఏడాది పొడుగునా కొనే గిరాకీ కష్టమైనదన్న సంగతి అలాంటి కేంద్రాలు నడిపినవారికి త్వరలోనే తెలిసివచ్చే విషయం.

హక్కుల విషయంలో పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అక్కడి గ్రామసభలకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం వెదురును, తునికాకును కూడా పేరు పెట్టి ఆ జాబితాలో చేర్చింది. ఆచరణలో తునికాకు టెండర్లు అటవీశాఖ చేతిలోనే సాగుతూ వచ్చాయి. కారేపల్లి వైపు మరో మెలిక కూడా ఉంది. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించినప్పుడు అప్పటి వరంగల్ జిల్లా ఇల్లెందు తాలూకాలోని గ్రామాలన్నింటినీ చేర్చి, ఇల్లెందు, సింగరేణి, సిర్పూర్ గ్రామాలను, కొత్తగూడెం పట్టణాన్ని మినహాయించారు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి ఈ పేర్లకున్న పారిశ్రామిక ప్రాముఖ్యం ఆ మినహాయింపు వెనుక కనిపిస్తుంది. ఒకే అడవిలో ఒకే చెట్టు కింద పువ్వు ఏరుకునే ఇద్దరికి, వారి ఊరి పొలిమేర ఏ వైపు పడిందన్న దాన్ని బట్టి వేరువేరు చట్టాలు వర్తించే పరిస్థితి అలా ఏర్పడింది.

అడవి దాటి పొలంలోకి వస్తే, అదనపు సంపాదనకు ఎక్కువ అవకాశం ఇచ్చేవి పత్తి, మిరప. పత్తి ఏరుడుకు కిలో లెక్కన, మిరప ఏరుడుకు రోజు లెక్కన గాని గుత్తకు గాని కూలి ఉంటుంది; గుత్త అంటే ఇంత పనికి ఇంత అని ముఠా మొత్తం మాట్లాడుకుని, వచ్చింది సమానంగా పంచుకోవడం. తమ చేలో ఏరుడు అయిపోయిన సన్నకారు రైతు కుటుంబపు స్త్రీలు పక్క ఊరి చేలకు ఆటోల్లో వెళతారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తేజ రకం మిరప ఎర్రబడే కాలంలో ఖమ్మం జిల్లా చేలకు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి కూడా కూలీలు వలస వచ్చి గుడారాలు వేసుకుంటారు. ఆ రోజుల్లో స్థానిక స్త్రీల కూలి రేటు ఎంత పెరుగుతుందన్నది వలస ముఠాలు ఎన్ని దిగాయన్న దాని మీద, ఖమ్మం మార్కెట్‌లో జెండా పాట ఎంత పలికిందన్న దాని మీద ఆధారపడుతుంది. జెండా పాట అంటే ఉదయం మార్కెట్ తెరవగానే నాణ్యమైన సరుకుకు మొదట పాడే ధర. పత్రికల్లో వచ్చేది ఆ ధరే, తాలు కలిసిన కాయకు, తేమ ఉన్న కాయకు రైతు చేతికి వచ్చేది అంతకంటే తక్కువ.

ఈ పనులన్నింటిలోనూ కనిపించేది ఎక్కువగా స్త్రీల శ్రమే. జాతీయ గణాంక కార్యాలయపు కాలవినియోగ సర్వేలో, అంటే ఒక రోజులోని 24 గంటలు మనిషి దేనిమీద ఖర్చుపెడుతున్నాడో నమోదు చేసే సర్వేలో, 2019లో జీతం లేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. ఐదేళ్లలో స్త్రీకి తగ్గింది పది నిమిషాలు. పొద్దున నాలుగింటికి లేచి ఇప్పపువ్వు ఏరి, వచ్చి వంట చేసి, మిరప ఏరుడుకు వెళ్లి, రాత్రి దీపం కింద చింతపండు గింజ తీసే స్త్రీ విషయంలో తీరిక వేళ సంపాదన అనే మాటకు అర్థం నిద్ర కోసుకుని చేసే సంపాదన అనే. కుటుంబ ఆదాయ సర్వేలు ఈ డబ్బును లెక్కిస్తాయి గాని, దానికి పెట్టిన నిద్రను లెక్కించవు. చయనోవ్ సైతం కుటుంబాన్ని ఒకే మనిషిలా ఊహించుకున్నాడు. ఇంట్లో ఎవరి నడుము ఎక్కువ వంగుతుందన్న విచారణ ఆయన సిద్ధాంతంలో సన్నగానే ఉంది.

వేసవి పనులకు పోటీగా నిలిచింది ఉపాధి హామీ. 2005 చట్టం కింద 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం తొలి విడతలోనే ఖమ్మం జిల్లాకు వచ్చింది. ఏడాదికి 100 రోజులు, ఊరి దగ్గరే, ఆడామగా తేడా లేని కూలి అన్నవి దాని ప్రత్యేకతలు. 2025-26లో తెలంగాణకు రోజు కూలి 307 రూపాయలుగా ఉండేది. అయితే అది కొలతల మీద ఇచ్చే కూలి కాబట్టి, ఎండలో గట్టిబడ్డ నేల తవ్విన రోజున చేతికి అంత వచ్చేది కాదు. ఈ పథకం చేసిన పెద్ద మేలు కూలి డబ్బు కంటే, రైతు దగ్గర కూలి అడగడానికి స్త్రీలకు ఒక కింది హద్దు దొరకడం. 2023 నుంచి అన్నిచోట్లా తప్పనిసరి అయిన సెల్‌ఫోన్ హాజరు పద్ధతిలో రోజుకు రెండుసార్లు పని చోట ఫొటో తీయాల్సి వచ్చింది. దొంగ మస్టర్లు అరికట్టడానికి పెట్టిన ఈ ఏర్పాటు వల్ల, పొద్దున ఆకు తెంపి వచ్చి తర్వాత మట్టిపనికి వెళ్లే వెసులుబాటు పోయింది. ఏ పని వదులుకోవాలో ఎంచుకోక తప్పని ఆ కొద్ది వారాలు, ఏడాదిలో తునికాకు ఉండే వారాలే.

నెమ్మదిగా పెరిగే ఆదాయాల్లో మేకలు, నాటుకోళ్లు, పాడి ముఖ్యమైనవి. మేకల మంద ఉన్న ఇంటికి అది ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు అమ్ముకునే నిధి. రెండేళ్లకొకసారి మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర వచ్చినప్పుడు మేకకు, కోడికి ధర లేస్తుందని ముందే తెలిసినవారు ఆ లెక్కతోనే మందను పెంచుకుంటారు. పాడి విషయంలో ముల్కనూరు మహిళా సహకార డెయిరీ తెలంగాణలో అందరూ చెప్పుకునే ఉదాహరణ. అక్కడ పాల ధర నిర్ణయించే సభలో కూర్చునేది పాలు పోసే స్త్రీలే. కారేపల్లి వైపు అంతటి సహకార సంప్రదాయం లేదు. గేదె కొనడానికి మహిళా సంఘం అప్పు దొరుకుతుంది గాని, పాలకేంద్రం ధర ఎవరి చేతిలోనో ఉంటుంది. అప్పు తీర్చే వాయిదాకు, ఆదాయం వచ్చే వేళకు పొంతన లేకపోతే ఏమవుతుందో 2010లో సూక్ష్మరుణ సంస్థల సంక్షోభం చూపించింది. వారం వారం కిస్తీ కట్టవలసిన స్త్రీ, రోజు కూలి దొరికే పనులే ఎంచుకుని, ఆరునెలలకు ఫలితమిచ్చే మేకను వదులుకోవలసి వచ్చేది. ఆ ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు వసూళ్లకు కళ్లెం వేసింది.

పొలానికి తోడుగా మరో పని వెతుక్కోవడానికి తలకిందులైన పరిస్థితి కూడా ఈ ప్రాంతంలో కనిపిస్తుంది. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న భద్రాచలం కాగితపు మిల్లు కొనే కలప కోసం రైతులు జామాయిల్, సుబాబుల్ తోటలు వేస్తున్నారు. జామాయిల్ నాటి కొన్నేళ్లు వదిలేస్తే చాలు, రోజూ చూసుకోనక్కరలేదు. అందుకే ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లిన కుటుంబాలకు, మాస్టారు కొలువులో ఉన్నవారికి ఈ తోటే అనుకూలం. అంటే పొలమే తీరిక వేళ వ్యాపకం అయిపోయింది. జపాన్‌లో 1970ల నుంచి రైతు కుటుంబాల్లో ఎక్కువమంది ఉద్యోగం ప్రధానంగా, సేద్యం సెలవు రోజుల పనిగా బతుకుతూ వచ్చారు. అక్కడ ప్రభుత్వం వరి ధరను నిలబెట్టింది కాబట్టి ఆ పద్ధతి నడిచింది. ఇక్కడ భూమికి దూరమైన యజమాని జామాయిల్ వేస్తే, ఆ ఎకరాల్లో పత్తి ఏరుడు, మిరప ఏరుడు ఉండవు. ఒకరి అదనపు ఆదాయం మరొకరి కూలి రోజుల్లోంచి వస్తుంది.

జీతగాళ్ల అదనపు సంపాదన మీద చట్టానికి ఎప్పుడూ అనుమానమే. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమాలు ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదన్నాయి. బీమా ఏజెన్సీలు, చిట్టీలు భార్యల పేర్లమీద నడవడం వెనుక ఉన్న రహస్యం ఇదేనని ప్రతి మండల కేంద్రానికీ తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షను ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పని చేయడాన్ని నిషేధించింది. 2022లో సాఫ్ట్‌వేర్ రంగంలో విప్రో సంస్థ పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్నారంటూ 300 మందిని తొలగించినప్పుడు ఆ పాత అనుమానమే కొత్త వేషంలో వచ్చింది. హైదరాబాదులో డెలివరీ బండ్లు నడిపే జిల్లా యువకుల విషయంలో తీరిక వేళ పనిగా మొదలైంది పూర్తికాలపు బతుకుతెరువుగా మారిన సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంటి నుంచే సంపాదన అంటూ ఫోన్లకు వచ్చే సందేశాల సంగతి మాత్రం హెచ్చరికగా చెప్పాలి: మొదట చిన్న మొత్తాలు ఇచ్చి, తర్వాత డబ్బు కడితే ఎక్కువ ఇస్తామని లాగే ఈ మోసాలకు, 1978లోనే నిషేధించిన గొలుసుకట్టు పథకాలకు పునాది ఒక్కటే, కడుతూ పోయే కొత్త మనిషి. మోసపోయినవారు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ అనుభవాలన్నీ చూశాక, అదనపు ఆదాయాన్ని మనిషి చొరవతో కొలిచే వాదం కారేపల్లి వైపు నిలవదని చెప్పవచ్చు; చొరవకు అక్కడ కొదవ లేదు. రేటు కట్టే అధికారం, సరుకు దాచుకునే వీలు, డబ్బు చేతికందే వేళ, ఈ మూడూ కలిసివచ్చిన చోట చిన్న పని కూడా కుటుంబాన్ని ఒక మెట్టు ఎక్కిస్తుంది, కలిసిరాని చోట పెద్ద కష్టం కూడా వడ్డీకే సరిపోతుంది. ఇప్పుడు వీటికి నాలుగోది చేరింది, పనుల తేదీలు. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం హామీ రోజులను 125కు పెంచుతూనే, విత్తే కాలంలో, కోతల కాలంలో కలిపి ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ రోజులను ప్రాంతాన్ని బట్టి వేరుగా ప్రకటించే వెసులుబాటు కూడా అందులో ఉంది. విరామం మిరప ఏరుడు సాగే జనవరి-మార్చి మీద పడితే, రైతుకు కూలీలు దొరుకుతారు గాని, వలస ముఠాలు ఎక్కువగా దిగిన ఏడాది స్థానిక స్త్రీకి ఉపాధి కూలి అనే ఆ కింది హద్దు ఉండదు. అదే తునికాకు వారాల మీద పడితే, పొద్దున ఆకుకు, తర్వాత మట్టిపనికి మధ్య ఎంచుకోవలసిన ఇబ్బంది ఉండదు, మట్టిపని మిగిలిన నెలలకు మిగులుతుంది. తేదీలు ఖమ్మంలో కూర్చుని వరి క్యాలెండరు చూసి పెడతారా, గ్రామసభలో అడవి క్యాలెండరు కూడా చూసి పెడతారా అన్నది మండలాల వారీగా తేలవలసిన విషయం.